మావగారు తొంగున్నారు

మా మనవరాలు కాలేజీ సెలవులకి వచ్చి వారం రోజులైంది. ఈ వారంలో అది నాకు చాలా తెలుగు నేర్పింది. మొన్న కుక్కరు మూడు కూతలకి బదులు ఏడు కూతలు కూసి పప్పు కాస్తా అడుగంటిపోతే, నేను లబలబలాడుతున్నాను. "లైట్ తీస్కో అమ్మమ్మా!" అంది. నేను వెళ్ళి వంటింట్లో దీపం ఆర్పేశాను. అది పడీ పడీ నవ్వింది. లైట్ తీసుకోవడమంటే పట్టించుకోకపోవడమట! ఎదురింటి కుర్రాడి గురించి అడిగితే "వాడికంత సీన్ లేదు" అంది. ఏ సీను, ఏ నాటకంలో అని అడగబోయి, మళ్ళీ నవ్వుతుందని నోరు మూసుకున్నాను.

ఇలాంటప్పుడు నా ఈడువాళ్ళు "మా కాలంలో భాష ఎంత చక్కగా ఉండేదో!" అని నిట్టూర్చడం రివాజు. నేను నిట్టూర్చలేదు. నాకా హక్కు లేదు. ఎందుకో చెబుతాను, మీరు మాత్రం నవ్వకూడదు.

1974లో పెళ్ళయి, టెక్కలి నుంచి తెనాలి దగ్గర పల్లెటూరికి కాపరానికొచ్చాను. వచ్చిన పదోరోజో పన్నెండోరోజో, మిట్టమధ్యాహ్నం మావగారి స్నేహితులొకరు వచ్చి, "బావగారున్నారా అమ్మాయీ?" అని అడిగారు. మావగారు భోంచేసి పడుకున్నారు. నేను కొత్తకోడల్ని, తలొంచుకుని మహా వినయంగా "మావగారు తొంగున్నారండీ" అన్నాను. ఆయన కిటికీ వంక చూశారు. తలుపు సందులోకి చూశారు. "ఎక్కణ్ణుంచమ్మా తొంగి చూస్తున్నాడు?" అన్నారు అయోమయంగా. లోపల బియ్యం ఏరుతున్న అత్తయ్యగారు చేట పక్కన పెట్టి మరీ నవ్వారు.

మా శ్రీకాకుళం వైపు తొంగోవడమంటే పడుకోవడం. గోదావరి దాటి, కృష్ణ దాటి వచ్చేసరికి ఆ మాట కాస్తా దొంగచూపు చూడ్డమైపోయింది. సాయంత్రానికల్లా ఊరంతా పాకింది. పేరంటాల్లో నా పేరు 'తొంగున్న కోడలు'. అదొక్కటే అయితే సరిపెట్టుకుందును. నేను "బేగి రండి" అంటే ఆడబిడ్డ "బేగీ, బేగీ" అని పాటలా పాడేది. 'ఏటి' అంటే "ఏరా, కాలవా?" అనేవాళ్ళు. చోళ్ళు తెప్పించండి, అంబలి కాస్తానంటే, చోళ్ళంటే ఏమిటో ఎవరికీ తెలీలేదు. రాగులండీ బాబూ, రాగులు!

ఆరునెలలు తిరక్కుండా నా నోరు నేనే కడిగేసుకున్నాను. ఏటి పోయి ఏమిటి వచ్చింది. ఒగ్గేయమనడం పోయి వదిలేయమనడం వచ్చింది. అంతటితో ఊరుకున్నానా? మరుసటేడు మా అమ్మ నన్ను చూడ్డానికి వస్తే, స్టేషన్లోనే దాని చెవిలో చెప్పాను, "అమ్మా, వాళ్ళ ముందు ఎక్కువ మాట్లాడకు, నవ్వుతారు" అని. అమ్మ నాలుగు రోజులుంది. నాలుగు రోజులూ అన్నిటికీ తలూపింది, నవ్వింది, వీశెడు జీడిపప్పు అత్తయ్యగారి చేతిలో పెట్టింది. "మీ అమ్మ ఎంత నెమ్మదస్తురాలో!" అని ఇంటిల్లిపాదీ మెచ్చుకున్నారు. రైలెక్కేటప్పుడు మాత్రం నా మొహంలోకి చూసి, "నా మాట అంత చేదైపోయిందేటే?" అంది. ఆ ప్రశ్నకి అప్పుడు నా దగ్గర జవాబు లేదు.

జవాబు మా టెక్కలి పక్కనే ఉంది. నౌపడ నుంచి టెక్కలి మీదుగా పర్లాకిమిడి వెళ్ళే చిన్నరైలు ఉండేది. పర్లాకిమిడి రాజావారు వేయించిన ఆ లైను 1900లో మొదలై, 2004 దాకా ఇరుకు పట్టాల మీదే నడిచింది. మా ఇంట్లో ఎవరైనా పని నిదానంగా చేస్తే "నౌపడ బండి" అని పేరు పెట్టేవాళ్ళం. ఆ బండి చేరే పర్లాకిమిడిలోనే గిడుగు రామమూర్తి పంతులుగారు చాలా ఏళ్ళు బడిపంతులుగా ఉన్నారు. ఆయన పుట్టింది 1863లో, వంశధార ఒడ్డున పర్వతాలపేటలో. చరిత్ర పాఠాలు చెప్పుకుంటూ కూర్చోకుండా, కొండల్లోని సవరల భాష నేర్చుకున్నారు. దానికి లిపీ లేదు, పుస్తకమూ లేదు. సవర కుర్రాణ్ణి ఇంట్లో పెట్టుకుని, వాళ్ళ నోటి మాటలు విని రాసుకున్నారు. ఆయన సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లో అచ్చయింది. అడవిలో మనుషుల మాటకే ఒక పద్ధతీ ఒక వ్యాకరణమూ ఉన్నాయని చెవులారా విన్నాయనకి, మన ఇళ్ళల్లో మాట్లాడుకునే తెలుగు తప్పెలా అవుతుందని అనిపించదూ? వ్యావహారిక భాషోద్యమం అలాంటి మనిషి చేతిలో పెరిగింది. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అటు కలిసిపోతే, ముసలితనంలో ఊరు విడిచి రాజమండ్రి వచ్చేశారు. ఇప్పుడు ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నది ఆయన పుట్టినరోజునే.

నిజం చెప్పొద్దూ, పంతులుగారు అడిగింది చదువుకున్నవాళ్ళు మాట్లాడే శిష్టవ్యవహారాన్ని పుస్తకాల్లోకి రానివ్వమని. నా 'తొంగున్నారు'ని ఆయన పాఠ్యపుస్తకంలోకి రానిచ్చేవారో లేదో! అయితే తర్వాత భద్రిరాజు కృష్ణమూర్తిగారు ఊరూరా రైతుల మాటలు సేకరింపజేసి, మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం 1962లో తెచ్చారు. 1971లో చేనేతవాళ్ళ మాటల సంపుటం వచ్చింది. నేను తెనాలిలో నోరు కడుక్కుంటున్న రోజులకే, మాలాంటి వాళ్ళ నోటి మాటలకి పెద్దలు అట్టవేసి పుస్తకం కుట్టేశారన్నమాట! నాకెవరూ చెప్పలేదు.

అవి ఉన్న మాటల సంగతి. ఉన్న మాటకి లేని అర్థం అంటగట్టడం ఇంకో సరదా. ఇదేదో సినిమాలొచ్చాక, సెల్‌ఫోన్లొచ్చాక పుట్టిన జబ్బని అనుకునేవాళ్ళకి ఒక చక్రవర్తి కథ చెప్పాలి. క్రీస్తుకి పూర్వం 261 ప్రాంతంలో అశోకుడు మా కళింగం మీదికి దండెత్తాడు. ఆ ఊచకోత చూసి మనసు మారిందని చిన్నప్పుడు మనమంతా బట్టీ పట్టినవాళ్ళమే. ఆ పశ్చాత్తాపాన్ని దేశమంతటా రాళ్ళ మీద చెక్కించిన మహానుభావుడు, కళింగంలో మాత్రం ఆ శాసనం చెక్కించలేదు! ఇచ్ఛాపురం దాటి గంజాం జిల్లాలోకి వెళితే జౌగడ అని ఒక చోటుంది. అక్కడి బండ మీద ఆయన శాసనాలున్నాయిగానీ, ఆ ఒక్కటీ లేదు. కొట్టినవాళ్ళ ముందు క్షమించమనడం అందరికీ కష్టమే కాబోలు. సరే, ఆ శాసనాల్లో ఆయన తన పేరు చెప్పుకోడు. 'దేవానాంప్రియుడు' అంటాడు, అంటే దేవతలకు ఇష్టుడు. ఎంత గొప్ప బిరుదు! ఆ బిరుదుకి ఏం పట్టిందో తెలుసా? తర్వాత తర్వాత సంస్కృత పండితులు దేవానాంప్రియుడంటే 'మూర్ఖుడు' అని అర్థం చెప్పారు. వ్యాకరణ గ్రంథాల్లోకే ఎక్కింది. ఇవాళ మా మనవరాలు "వీడొక పెద్ద మేధావి" అని మూతి విరిచినట్టే, ఆ కాలంలో ఎవరో పెదవి విరిచి ఉంటారు. చక్రవర్తి రాతి మీద చెక్కించుకున్నదాన్ని జనం నోటితోనే చెరిపేశారు.

మన ఇంటి తిట్లన్నీ ఈ బాపతే. సర్వం త్యజించిన సన్యాసి, చేతకాని 'సన్నాసి' అయ్యాడు. ఛందస్సు అంటే వేదం. వేదం చదువుకున్న ఛాందసుడి నుంచి మా అత్తయ్యగారి 'చాదస్తం' పుట్టింది. ఉత్తరాల సంచీ మూట కట్టి పంపడం టపా కట్టడమైతే, ఆ తపాలావాళ్ళ మాట చావుకి చేరింది. ఇవన్నీ నవ్వుకోవడానికి బాగానే ఉన్నాయి. ఒక్క మాట దగ్గర మాత్రం నాకు నవ్వు రాదు. మొగపిల్లల్ని పొద్దస్తమానం 'వెధవా' అంటామే, అది విధవ నుంచి వచ్చింది. భర్త పోయిన ఆడదాని కష్టాన్ని తీసుకొచ్చి, అల్లరి చేసిన కుర్రాడి నెత్తిన తిట్టుగా వేశాం. పైగా ముద్దుకి కూడా అంటాం. పద్నాలుగో ఏట భర్త పోయి మా ఇంట్లోనే ఉండిపోయిన మా మేనత్త, నాకు తెలిసి ఆ మాట ఎవర్నీ అనలేదు. మా అన్నయ్యలు చెట్టెక్కి కాలు విరగ్గొట్టుకున్నా, "గుంటడికి భయం నేదు" అనేది, అంతే. మా వైపు గుంటడంటే పిల్లాడు. మేనత్త ఆ తిట్టు ఎందుకు వాడదో మాకెవరికీ తట్టనే లేదు. నాకు యాభై ఏళ్ళొచ్చాక, ఒక పుస్తకంలో ఆ మాట పుట్టుక చదివి, పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నాను.

కాస్త మనసు తేలికపడేందుకు పలాస వెళదాం. మా నాన్నగారు ఉద్యోగం చివర్లో కాశీబుగ్గకి మారారు. పలాస, కాశీబుగ్గ అంటే అటో ఊరూ ఇటో ఊరూ అనుకోకండి, రెండూ ఒకదాన్నొకటి ఒరుసుకుని ఉంటాయి. సందు సందుకీ జీడిపప్పు బట్టీలే. ఈ 'జీడి' అన్న మాట ఎంత తమాషాదో చూడండి. అసలు జీడి అంటే నల్లజీడి. బట్టల మీద చాకలివాళ్ళు చెరగని గుర్తు పెట్టేది దాని రసంతోనే. బ్రెజిల్ దేశపు చెట్టుని పోర్చుగీసువాళ్ళు 16వ శతాబ్దంలో ఓడల మీద మన తీరానికి తెచ్చారు. అక్కడి ఆదివాసులు దాన్ని 'అకజు' అంటే, పోర్చుగీసువాళ్ళు 'కజు' అన్నారు. అదే హిందీవాళ్ళ కాజూ. ఇంగ్లీషువాళ్ళ క్యాషూ కూడా అదే. మనవాళ్ళు ఆ పేరు జోలికే పోలేదు. పండు చూస్తే మామిడిలా ఉంది, పిక్క చితగ్గొడితే చెయ్యి నల్లబడుతోంది, కనక 'జీడిమామిడి' అని చక్కా పేరు పెట్టేసుకున్నారు. 'ముంతమామిడి' అన్నవాళ్ళూ ఉన్నారు. మలయాళంవాళ్ళు 'పరంగి మావు' అన్నారు, పరంగివాడి మామిడి అన్నమాట. ఇక తీర్థాల్లో బెల్లప్పాకం సాగదీసి చేసే జీళ్ళున్నాయి కదా, వాటికీ ఈ చెట్టుకీ చుట్టరికం లేకపోయినా, 'జీడిపాకం' అనే మాట వాటి వల్లే వచ్చింది. రాత్రి ఎనిమిదింటి సీరియల్‌ని మనం తిట్టుకునేది ఆ మాటతోనే.

బట్టీల్లో పిక్కలు కాలుస్తారు, కొట్టి పప్పు తీస్తారు, పైపొట్టు ఒలిచి రకాలు ఏరతారు. కొట్టేదీ ఒలిచేదీ ఏరేదీ ఎక్కువగా ఆడవాళ్ళే. పెంకులోని జీడినూనె చర్మాన్ని కాల్చేస్తుంది. పిక్కలు కొట్టే మనిషిని వేళ్ళు చూసి పోల్చుకోవచ్చు, ఎన్ని తోమినా నలుపు పోదు. మా పక్క వాటాలో ఒకావిడ అలా పనికెళ్ళేది. చదువు లేదుగానీ మాటకి మాట పుట్టించడంలో ఆవిణ్ణి మించినవాళ్ళని నేను చూడలేదు. విరగని నిండు పప్పుని గుండు అంటారు, రెండుగా విడిపోతే బద్ద, ఇంకా విరిగితే ముక్క. ఆవిడ లెక్కలో పెళ్ళికాని కుర్రాడు గుండు, పెళ్ళయితే బద్ద, ముగ్గురు పిల్లలు పుట్టాక ముక్క! వీధిలో ఎవరైనా కొత్తగా కనిపిస్తే, "ఏటి తల్లీ, గుండేటి, బద్దేటి?" అని నన్నడిగేది. ఒకసారి నేను నవ్వుతూ "మరి మీ ఆయనో?" అన్నాను. "పొట్టు" అంది. ఆ మాటకి అప్పుడు నవ్వాను. వాళ్ళాయన సంపాదనంతా తాగేస్తాడని తర్వాత తెలిసింది.

మాటలు పుట్టించినందుకు సన్మానం చేయించిన మహానుభావుడు పింగళి నాగేంద్రరావుగారు. ఆయన పెరిగింది బందరులోనేగానీ, పుట్టింది మాత్రం 1901లో మా వైపు రాజాంలోనండోయ్. 1957లో వచ్చిన 'మాయాబజార్'లో అస్మదీయులు అనడానికి నోరు తిరక్క అసమదీయులంటాడొకడు. దానికి జతగా తసమదీయులు పుట్టుకొస్తారు. వ్యాకరణం తెలిసినవాడైతే బెత్తం పుచ్చుకోవాలి. ఘటోత్కచుడు వీరతాడు వేయించాడు! తల్పానికి తోడు గిల్పం, కంబళికి తోడు గింబళి. ఆ సినిమా చూసొచ్చాక మా ఇంట్లో ఏడాదిపాటు గింబళ్ళే కప్పుకున్నాం. నన్ను తెనాలిలో ఆటపట్టించిన ఆడబిడ్డ కూడా ఆ మాటలు చెప్పుకుని మురిసిపోయేది. తెరమీద తప్పు పలికితే వీరతాడూ, పెరట్లో పలికితే వెక్కిరింతానా అని అప్పుడు నాకు అడగాలని తోచలేదు.

మా పిన్ని, అంటే అమ్మ ఆఖరి చెల్లెలు, కవిటి దగ్గర ఉద్దానంలో ఉంటుంది. ఉద్యానవనమే నోళ్ళలో నలిగి ఉద్దానమైందంటారు. కొబ్బరి, జీడిమామిడి, పనస ఒకదాని నీడన ఒకటి పెరిగి, ఇంటికి దారి కనపడేది కాదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తుఫాను తీరం దాటింది. దాని పేరు తిత్లీ. పాకిస్తాన్‌వాళ్ళు పెట్టిన పేరట, తిత్లీ అంటే సీతాకోకచిలుక. మరి అంతకు ముందు 2014లో విశాఖని ఊపేసిన హుద్‌హుద్ ఒక పిట్టపేరే కదా, ఈ పేర్లు పెట్టేవాళ్ళు మహా సుకుమారులు! ఆ ఒక్క రాత్రిలో పిన్నివాళ్ళ తోటలో చెట్లు అగ్గిపుల్లల్లా విరిగిపడ్డాయి. కొబ్బరిమొక్క పాతితే మళ్ళీ కాపుకి రావడానికి అయిదారేళ్ళయినా పడుతుంది. ఫోన్లో పిన్ని ఏడుస్తుందనుకున్నాను. "తిట్లమ్మ వచ్చిందే పిల్లా, వంశం పేరెత్తి మరీ తిట్టిపోసి ఎల్లిపోనాది" అంది. అప్పట్నుంచి ఆ ఇంట్లో ఏది పూర్తిగా పోయినా 'తిట్లమ్మకి పోయింది' అంటారు. పాలు విరిగినా అంతే, ఎన్నికల్లో డిపాజిట్లు పోయినా అంతే.

చెట్లకంటే పెద్ద దెబ్బ ఇంకొకటుంది. ఉద్దానం పేరు చెబితే ఇప్పుడు కొబ్బరికాయ గుర్తుకు రావడం లేదు, కిడ్నీ జబ్బు గుర్తుకొస్తోంది. ఎన్నో ఏళ్ళుగా ఊళ్ళకి ఊళ్ళు దాంతో పోరాడుతున్నాయి. కారణం ఇదీ అని వైద్యులు ఇప్పటికీ ఒక్కమాట మీదికి రాలేదు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రమూ, 200 పడకల ఆసుపత్రీ తెరిచారు. నాలుగేళ్ళ కిందట పిన్నికీ ఆ జబ్బు బయటపడింది. అక్కడ బడికెళ్ళనివాళ్ళకి కూడా క్రియాటినిన్ అంటే తెలుసు. రక్తంలో ఒకటి చుట్టుపక్కల ఉండాల్సిన అంకె అది. ఎంత పైకి పోతే అంత భయం. పోయినేడాది పిన్నితో రక్తపరీక్షకి వెళ్ళాను. మా మనవరాలు కూడా వచ్చింది. కాగితాల కోసం బెంచీ మీద వరసగా కూర్చున్నాం. పక్కనున్నావిడ ఎవరో కొత్త, చేతిలో కాగితం పట్టుకుని బిక్కచచ్చిపోయి ఉంది. పిన్ని ఆవిడ వైపు వంగి, "ఏటమ్మా, నీ కిరాతకం ఎంతొచ్చింది?" అంది.

ఆవిడ ఒక క్షణం తెల్లబోయింది. తర్వాత నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ పక్కావిడకి చెప్పింది. అక్కణ్ణుంచి బెంచీ చివరిదాకా ఆ మాట పాకింది. "నాది నాలుగు కిరాతకం", "మా ఆయనది ఏడు" అని ఒకళ్ళకొకళ్ళు చెప్పుకోవడం మొదలెట్టారు. అంతదాకా ఆ కాగితాలు ఒళ్ళో బోర్లా పెట్టుకు కూర్చున్నవాళ్ళే. మా మనవరాలు ఫోన్‌లో ఆ మాట రాసుకుంది. "అమ్మమ్మా, ఇది పిచ్చ కేక" అంది. దాని అర్థం నేనడగలేదు, దాని కళ్ళు చూస్తే తెలిసింది.

నిన్న రాత్రి పదింటికి ఫోన్ మోగింది. ఇంత రాత్రివేళ ఎవరా అని గుండె దడదడలాడుతుంటే ఎత్తాను.

"ఏటే పిల్లా, తొంగున్నావేటి?" అంది పిన్ని.

"లేదు పిన్నీ, ఇప్పుడే తొంగుందామనుకుంటున్నాను" అన్నాను. పక్కన మా ఆయన తలెత్తి చూశారు. చూడనీ!

"ఈ నెల కిరాతకం మూడు పాయింటు రెండేనే, కొంచెం దిగింది. తిట్లమ్మ ఒగ్గేసిన పనసచెట్టుంది కదా, కాయలు పండుతున్నాయి. బేగి రా. ఆ గుంటని కూడా తీసుకురా."